సైన్సు కిట్టు తర్వాత, ముందు తోడు గిన్నె తీయండి

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. బాబుకు ఏడేళ్ళు, రెండో తరగతి. పాపకు మూడేళ్ళు. బాబు ప్రతిదానికీ ‘అట్లెందుకైతాదిమ్మా’ అని వెంటపడతాడు. నేను బీకామ్ చదివాను, సైన్సు పదో తరగతితోనే వదిలేశాను. వాడడిగేవాటిలో సగానికి నాకు జవాబు తెలీదు. ఫోన్లో ప్రయోగాల వీడియోలు పెడితే కళ్ళార్పకుండా చూస్తాడు, అయిపోగానే ఇంకోటి పెట్టమంటాడు, మనమూ చేద్దామని మాత్రం అనడు. సైన్స్ డేకి ‘వర్కింగ్ మోడల్’ తెమ్మని స్కూల్లో చెప్పారు, ఇంకా మూడు వారాలుంది. స్టేషనరీ షాపులో థర్మోకోల్ అగ్నిపర్వతం ఆరు వందలంట. ఆన్‌లైన్‌లో ‘వంద ప్రయోగాల కిట్టు’ పద్దెనిమిది వందలు చూపిస్తోంది. మా ఆయన కొనేద్దామంటున్నారు. మా అత్తమ్మేమో ‘ఈ ఆటలన్నీ యాల, ముందు ఎక్కాలు నేర్పు’ అంటుంది. కిట్టు కొనాలా? ఇంట్లోనే చేయించాలంటే ఏం చేయించాలి? జవాబు తెలీనప్పుడు వాడికేం చెప్పాలి?
– ఒక తల్లి, అనంతపురం

సమాధానం: చెల్లెమ్మా, కిట్టు కొనొద్దు. కనీసం ఈ ఏడాదికి వద్దు. అగ్నిపర్వతం అసలే వద్దు.

కిట్టులో చెడ్డేమీ లేదు. కానీ పెట్టె మీదే ప్రయోగం బొమ్మ వేసుంటుంది. ఏ పొడి దేంట్లో పోస్తే ఏ రంగొస్తుందో లోపలి కాగితంలో రాసుంటుంది. ఇక పిల్లోడు ఊహించడానికి ఏం మిగులుతుంది? పైగా పొడి ఒక్కసారికి సరిపడానే ఇస్తారు. ‘ఇంకొంచెం ఎక్కువేస్తే ఏమైతాది’ అని వాడు అడిగేసరికి పొట్లం ఖాళీ. ఏడేళ్ళ వయసులో సైన్సంటే ఆ ‘ఇంకొంచెం ఎక్కువేస్తే’ అన్న ప్రశ్నే. కాబట్టి వాడు రోజూ చూసే వస్తువును, నాలుగుసార్లు పాడుచేసినా మీ ప్రాణం ఉసూరుమననంత చవకైన వస్తువును వాడి చేతికివ్వండి.

పద్ధతి ఒకటే. చేసే ముందు ‘ఏమైతాదనుకుంటున్నావు’ అని అడగండి. వాడు చెప్పింది తప్పని తెలిసినా మీ మొహంలో కనపడనివ్వకండి. తర్వాత వాడి చేత్తోనే చేయించండి. రెండోసారి చేసేటప్పుడు ఒక్కటే మార్చి, మిగతావన్నీ అట్లే ఉంచండి. ఇందులో బీకామ్‌కు అందనిదేమీ లేదు.

మొదటి ప్రయోగం మీ అత్తమ్మతో మొదలుపెట్టండి. నిజంగానే చెప్తున్నాను. పాలు తోడెయ్యడంలో ఆమెకున్న అనుభవం మీకూ నాకూ లేదు. రాత్రి పాలు కాగాక నాలుగు స్టీలు గ్లాసులు వరసగా పెట్టండి. ఒకదాంట్లో పొగలొచ్చే పాలు మీరే పోయండి. రెండోదాంట్లో గోరువెచ్చటివి. మూడోదాంట్లో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు. ఈ మూడింటికీ ఒకే చెంచాతో, ఒకే కొలతలో తోడు వేయించండి. మూడో గ్లాసును మళ్ళీ ఫ్రిజ్‌లోనే పెట్టేయండి. నాలుగోదాంట్లో గోరువెచ్చటి పాలే, తోడు మాత్రం లేదు. పడుకునే ముందు ఏ గ్లాసు పెరుగవుతుందో వాడు చెప్పాలి. అవ్వకు జవాబు తెలుసు కాబట్టి, తెల్లారేదాకా నోరు విప్పొద్దని ఆమెను బతిమాలుకోండి. అదే అన్నిటికంటే కష్టమైన పని.

పొద్దున గ్లాసులు వంచి చూస్తే గోరువెచ్చటి పాలు మాత్రమే గట్టిగా పేరుకుని ఉంటాయి. తోడులో కంటికి కనపడని ప్రాణులుంటాయని, మరీ వేడిగా ఉన్న పాలలో పడితే అవి చచ్చిపోతాయని, చలికి మందగిస్తాయని అప్పుడు చెప్పండి, ముందు కాదు. నాలుగో గ్లాసు ఎందుకు పెట్టామని వాడే అడిగితే మీ పంట పండినట్టే. అది లేకపోతే పాలు వాటంతటవే పెరుగయ్యాయేమో అన్న అనుమానం మిగిలిపోతుంది. సైంటిస్టులు కూడా చాలా ప్రయోగాల్లో పోల్చి చూసుకోవడానికి ఇట్లాంటి గ్లాసు ఒకటి పక్కన పెట్టుకుంటారు. మర్నాడు వాడు ‘నిమ్మకాయ పిండితే’ అంటాడు, పిండనివ్వండి. పులుపుకు పాలు విరగడం వేరు, తోడుకు పెరుగవడం వేరు అని కళ్ళతోనే చూస్తాడు. పెరుగు కాకుండా రాత్రంతా బయటే ఉన్న పాలను మాత్రం రుచి చూడనివ్వకుండా పారబోయండి.

సైన్స్ డేకి చెనిక్కాయలు పంపండి. అనంతపురంలో పుట్టిన పిల్లోడికి ఇంతకంటే మంచి మోడల్ ఏముంది? తొక్కతో ఉన్న పచ్చి కాయలు మార్కెట్లో తెచ్చి, వాడితోనే ఒలిపించండి. గింజ మీది ఎర్రపొర చిట్లకూడదు. నాలుగు పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులు తీసుకుని, లోపలి అంచు చుట్టూ తెల్ల నూలుగుడ్డ మడిచి పెట్టండి. గుడ్డకూ గ్లాసు గోడకూ మధ్య గింజలు ఇరికిస్తే బయటికి కనపడతాయి. ఒకదాంట్లో పచ్చి గింజలు, తడిగుడ్డ. రెండోదాంట్లో వేయించిన గింజలు, అంతే తడి. మూడోదాంట్లో పచ్చి గింజలు, పొడిగుడ్డ. నాలుగోదాంట్లో పచ్చి గింజలు పూర్తిగా నీళ్ళలో మునిగిపోయి. మూడు నాలుగు రోజుల్లో మొదటి గ్లాసులో వేరు దిగుతుంది. వేయించినవి ఉబ్బుతాయంతే. పొడివి పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. మునిగినవి ఊపిరాడక కుళ్ళి వాసన కొడతాయి. ఆ వాసన కూడా పాఠమే, మూతి ముడుచుకుని పారేయకండి.

నానిన గింజను ఒకదాన్ని రెండు బద్దలుగా విడదీసి వాడి చేతిలో పెట్టండి. కొసన ముక్కులాగా చిన్నది ఒకటి అంటుకుని ఉంటుంది. దాన్ని భూతద్దంలో చూడమనండి. ఒకవైపు వేరుమొన, రెండోవైపు మడిచిపెట్టిన బుల్లి ఆకులు. నోట్లో వేసుకుని నమిలే గింజలో చెట్టు మొత్తం అప్పటికే తయారై కూర్చుందని తెలిశాక పిల్లోడు కాసేపు చెనిక్కాయ తినడు. తర్వాత మామూలే.

స్కూలు పని అయ్యాక మొలకల్ని పారేయకుండా మిద్దె మీద ఒక బకెట్లో ఎర్రమట్టి పోసి నాటండి. 25, 30 రోజులకు పసుప్పచ్చ పూలు పూస్తాయి. అసలు తమాషా అప్పుడు మొదలవుతుంది. పువ్వు వాడిపోయాక దాని అడుగునుంచి సన్నటి కాడ ఒకటి బయల్దేరి, పైకి పోకుండా నేలకేసి దిగుతుంది. రైతులు ‘ఊడలు దిగుతున్నాయి’ అనేది దీన్నే. మట్టిలోకి పోయాకే దాని కొసన కాయ ఊరుతుంది. ఒకటి రెండు ఊడల కింద మట్టి మీద ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టి, లోపలికి పోకుండా ఆపించండి. మట్టిలోకి పోయినవి కాస్తాయి, చీకటి దొరకనివి కాయవు. వేరుకు కాయ కాస్తుందనుకునేవాళ్ళు పట్నాల్లో పెద్దోళ్ళలోనూ ఉన్నారు. మీ వాడికి ఆ పొరపాటు ఎప్పటికీ రాదు.

ఇంకోమాట. విత్తనాల కోసమని ఎవరైనా రైతును అడిగితే, మందు పట్టించిన విత్తనాలు ఇచ్చే ప్రమాదముంది. గులాబీ రంగో ఎరుపో పొడి అంటుకుని ఉంటే అది విత్తనశుద్ధి మందు. పిల్లల చేతికి అసలివ్వకండి.

మీ స్కూల్లో ఈ గ్లాసుల్ని ‘మోడల్’ అని ఒప్పుకోకపోతే? కదిలేది, వెలిగేది, నురగ కక్కేది ఉంటేనే మోడల్ అనుకునేవాళ్ళు ఉన్నారు. ముందే వెళ్ళి టీచరమ్మతో మాట్లాడండి. ‘బాబే చేశాడు, బాబే వివరిస్తాడు’ అన్న ఒక్క మాట చాలు, చాలామంది టీచర్లు సంతోషంగా ఒప్పుకుంటారు. పిల్లోడు రోజూ గ్లాసు చూసి బొమ్మ గీసిన కాగితాలు పక్కన పెట్టించండి. కింద తేదీ మీరే వేయండి. బొమ్మలు వంకరగా ఉన్నా దిద్దకండి. ఈ సైన్స్ డే వచ్చిందే 1928 ఫిబ్రవరి 28న సి.వి.రామన్ తన ఫలితాన్ని కనుక్కున్నందుకు. ఆయన వాడిన పరికరాలు చాలా చవకైనవని మీ వారితో ఒకసారి అనండి, కిట్టు మాట మరిచిపోతారు.

అగ్నిపర్వతం ఎందుకొద్దన్నానో కూడా చెప్పాలి కదా. వంటసోడాలో వెనిగర్ పోస్తే నురగ వస్తుంది, నిజమే. కానీ అగ్నిపర్వతం పేలేది అందుకు కాదు. భూమి లోపల కరిగిన రాయి, దాంట్లో ఇరుక్కున్న వాయువులు పైకి తన్నుకొస్తాయి. థర్మోకోల్ కొండ కట్టి చూపిస్తే రెండూ ఒకటేనని వాడి బుర్రలో ముద్రపడిపోతుంది. అదే సోడాను బెలూన్లో రెండు చెంచాలు పోసి, అడుగున కొంచెం వెనిగర్ ఉన్న చిన్న సీసా మూతికి బెలూన్ తొడిగి పైకెత్తమనండి. సోడా కిందపడగానే బెలూన్ దానంతటదే ఉబ్బుతుంది. నురగలోంచి గాలి పుట్టిందని వాడికే అర్థమవుతుంది. అర లీటరు వెనిగర్ సీసాకు ఖర్చెంతో మీకు తెలుసు.

పులుపు మాట వచ్చింది కాబట్టి, మన రాయలసీమకే ప్రత్యేకమైన ప్రయోగం ఒకటుంది. మీ వంటింటి గట్టు కడప బండదైతే, నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికి తుడవకుండా వదిలేసిన చోట నున్నదనం పోయి తెల్లగా మచ్చ పడి ఉంటుంది. మీ అత్తమ్మ దానికి ఎవరినో ఒకర్ని తిట్టే ఉంటుంది. బండలమ్మే షాపులో విరిగిన కడప బండ ముక్క, గ్రానైటు ముక్క ఒక్కొక్కటి అడిగి తెచ్చుకోండి, ఊరికే ఇస్తారు. (గట్టు మీద మాత్రం చేయించకండి, ఆ తిట్లు నాకు తగులుతాయి.) రెంటి మీదా మేకుతో గీకి కొంచెం పొడి లేపండి. ఒక్కో చుక్క నిమ్మరసం వేసి, చెవి దగ్గర పెట్టుకుని, తర్వాత భూతద్దంతో చూడమనండి. గ్రానైటు మీద చుక్క చుక్కలాగే ఉంటుంది. కడప బండ మీద పొడి చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. కొన్ని బండల మీద నెమ్మదిగా లేస్తాయి, ఓపిక పట్టాలి. కడప బండ సున్నపురాయి. పులుపు దాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది, తినేటప్పుడు బెలూన్‌ను ఉబ్బించిన ఆ గాలే (కార్బన్ డయాక్సైడ్) బుడగలుగా బయటికొస్తుంది. కోడిగుడ్డును పచ్చిదే వెనిగర్‌లో ఒకటి రెండు రోజులు ఉంచితే పెంకు మొత్తం కరిగి, లోపలి పొరతో మెత్తగా మిగులుతుంది. ఆ పెంకులో ఉన్నదీ సున్నపురాయిలోని పదార్థమే.

వేసవి సెలవుల్లో వీలైతే తాడిపత్రి మీదుగా బెలూం గుహలకు తీసుకెళ్ళండి. 3,229 మీటర్ల పొడవున్న గుహలు, సున్నపురాయిలో నీళ్ళు తొలిచినవే. వాన నీళ్ళు గాలిలోంచి, మట్టిలోంచి ఆ బెలూన్ గాలినే కొంచెం కలుపుకుని సన్నటి పులుపు పట్టి, లక్షల ఏళ్ళు రాయిని కరిగించాయి. బండ మీద నిమ్మచుక్క వేసి చూసిన పిల్లోడికి గైడ్ అక్కర్లేదు.

చిన్న చిన్నవి ఇంకా బోలెడున్నాయి. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బునీళ్ళ చుక్క వేస్తే ఎర్రబడుతుంది, నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపవుతుంది. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి రోడ్డు పక్క ఇసుకలో తిప్పితే నల్లటి రవ్వలు అంటుకుంటాయి, అయస్కాంతాన్ని కవరులోంచి తీయగానే రాలిపోతాయి. మన ఎర్రమట్టి ఎరుపు ఇనుము తుప్పువల్లే, అయినా అది అట్లా ఎగిరి అంటుకోదు. ఆ తేడా చూసి వాడు ఏమంటాడో వినండి. రెండు నీళ్ళ సీసాల్లో ఒకదానికి తడిగుడ్డ చుట్టి రెంటినీ నీడలో, ఫ్యాను కింద పెడితే గంటలో తేడా చేతికే తెలుస్తుంది. మన గాలి పొడిది కాబట్టి తడి త్వరగా ఆరి వేడిని లాక్కుపోతుంది. చెన్నైలో చుట్టాలుంటే అదే రోజు వాళ్ళనూ చేసి ఫోన్లో చెప్పమనండి, అక్కడ ఇంత చల్లబడదు. కుండ నీళ్ళు, కూలరు మన ఊళ్ళో ఎందుకు బాగా పనిచేస్తాయో అక్కడే తేలిపోతుంది.

నీడ ప్రయోగానికి మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. మిద్దె మీద మీటరు కర్ర ఒకటి నిటారుగా నిలబెట్టి, ఆదివారం ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి నీడ కొసన సుద్దముక్కతో గీత గీయించండి. ఫిబ్రవరిలో నీడ దాదాపు అరమీటరుంటుంది, వారం వారం కురచబడుతుంది. ఏప్రిల్ 30 ప్రాంతంలో సూర్యుడు అనంతపురానికి సరిగ్గా నడినెత్తిమీదికి వస్తాడు, ఆ కాసేపు కర్రకు నీడే ఉండదు. మళ్ళీ ఆగస్టు 12, 13 ప్రాంతంలో ఇంకోసారి, మబ్బులు కరుణిస్తే. పన్నెండుకే ఎందుకు కాదంటారా? దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. మనం దానికి పడమరగా ఉన్నాం, మన దగ్గరికి సూర్యుడు కొంచెం ఆలస్యంగా వస్తాడు.

స్కూల్లో ఎవరో ఒకరు కొవ్వొత్తి ప్రయోగం తెస్తారు, చూస్తూ ఉండండి. పళ్ళెంలో నీళ్ళు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, పైన గ్లాసు బోర్లిస్తే కొవ్వొత్తి ఆరిపోయి నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ కాలిపోయింది కాబట్టి అంత ఎత్తు నీళ్ళొచ్చాయని చెప్తారు. ఇది దశాబ్దాలుగా నడుస్తున్న తప్పు. వేడికి వ్యాకోచించిన గాలి కొంత అంచుల కిందనుంచి బుడగలుగా బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, అందుకే ముఖ్యంగా నీళ్ళెక్కుతాయి. అనుమానముంటే మీరే ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు వెలిగించి చూడండి. గ్లాసులో ఆక్సిజన్ అంతే ఉన్నా నీళ్ళు ఇంకా పైకెక్కుతాయి. టీచరమ్మతో వాదనకు దిగమని కాదు, ఇంట్లో బాబుకు మాత్రం తప్పు చెప్పకండి.

ఇక మీరు చివర్లో అడిగింది. జవాబు తెలీనప్పుడు ‘నాకూ తెలీదు నాయనా’ అనండి, అందులో తలవంపులేమీ లేవు. తెలీకుండా ఏదో ఒకటి అల్లి చెప్పడమే తప్పు. వాడి ‘ఎందుకు’ను మెల్లగా ‘ఏం మారిస్తే ఏమైతాది’ వైపు తిప్పండి. చెనిక్కాయ నూనె నీళ్ళ మీద ఎందుకు తేలుతుందని అడిగాడనుకోండి. సాంద్రత గురించి మీరు చెప్పలేకపోయినా పర్వాలేదు. ఉప్పు నీళ్ళ మీద తేలుతుందా, బెల్లం పాకం మీద తేలుతుందా, నూనెలో నీళ్ళచుక్క వేస్తే మునుగుతుందా అని ఎదురడగండి. పావుగంటలో మూడు గ్లాసులు జిడ్డవుతాయి, వాడికి నాలుగో ప్రశ్న పుడుతుంది. చేత్తో తేల్చలేనివి కొన్నుంటాయి, నక్షత్రాలు పగలెందుకు కనపడవు లాంటివి. వాటికి ఒక నోటుపుస్తకం పెట్టి రాయించండి. నెలకోసారి అందులోంచి ఒకటి తీసుకెళ్ళి టీచరమ్మనో, లైబ్రరీలోనో అడిగించండి. వీడియోలు పూర్తిగా మానిపించక్కర్లేదు. చేసి చూశాక పెట్టండి, ముందు కాదు. ముందే చూస్తే జవాబు తెలిసిపోయిన పొడుపుకథలాగా చప్పబడిపోతుంది.

ఒక్కసారికి ఇరవై నిమిషాలు చాలు. వాడికి విసుగొస్తే వదిలేయండి. ఎక్కాలు ఎక్కాలే, మీ అత్తమ్మ చెప్పింది కాదనకండి. నీడల గీతలు కొలిచేటప్పుడు, గింజలు పంచేటప్పుడు కూడికలు, తీసివేతలు ఆమెనే అడగమనండి. పద్దెనిమిది వందలు మిగిలాయి కదా, అందులోంచి మంచి భూతద్దం ఒకటి, కాస్త పెద్ద అయస్కాంతం ఒకటి, మందు చుక్కలేసే డ్రాపర్లు రెండు కొనండి.

పాప మూడేళ్ళదని రాశారు, కాబట్టి ఇవి గట్టిగా చెప్తున్నాను. గుండీలంత చిన్న అయస్కాంతాలు, గుండీ బ్యాటరీలు ఇంట్లోకే రానివ్వకండి. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి. చెనిక్కాయ గింజ చిన్నపిల్లల గొంతులో అడ్డం పడుతుంది, పాప చేతికి అందనివ్వకండి. ఆముదం గింజలు, గురిగింజలు, గన్నేరు, ఉమ్మెత్త – వీటితో ఏ ప్రయోగమూ వద్దు, అన్నీ విషమే. సున్నం, బాత్రూం కడిగే యాసిడ్ జోలికి పోకండి. మంట, మరిగే పాలు మీ చేతిలోనే ఉండాలి. అన్న ప్రయోగం చేసే వేళకు పాపకు ఒక టబ్బులో నీళ్ళు పోసి, స్టీలు గిన్నె, ప్లాస్టిక్ మూత, టెంకాయ చిప్ప, పెద్ద చెంచా ఇచ్చి ఏవి తేలతాయో చూడమనండి. పక్కనే ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ పని మీ వారికి అప్పజెప్పండి.